వంటబట్టని ఇనుము

గుంటూరు జిల్లా పొన్నూరు ప్రాంతంలో గర్భవతి ఆరోగ్యకేంద్రానికి వెళ్ళినప్పుడు, నాలుగో నెల వచ్చినదని తెలిస్తే, ఆమెకు ఎర్రని మాత్రలు ఇస్తారు. రోజుకొకటి చొప్పున 180 రోజులు మింగవలెనని చెప్తారు. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. చూడడానికి అతి సామాన్యమైన ఈ మాత్ర వెనుక రెండు వేరువేరు చరిత్రలున్నవి. ఇనుము కథ పూర్వవైద్యంలో మొదలై ఐరోపా మీదుగా వచ్చినది. ఫోలిక్ ఆమ్లం కథ బొంబాయి నూలుమిల్లుల పేటలలో మొదలై, మద్రాసు మీదుగా సాగి, భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాని చేతిలో కొలిక్కి వచ్చినది.

ఇంతకూ ఆ మాత్ర ఎందుకు కావలసి వచ్చినది? పొన్నూరు చుట్టూ కృష్ణ కాలువల క్రింద వరి పండుతుంది. కాస్త ఎగువకు పోతే ప్రత్తి, మిరప పండే నల్లరేగడి నేలలు. పప్పుకు, ఆకుకూరకు ఆ సీమలో కొదువ లేదు. గోంగూర లేని ఇల్లు లేదు. ఆకుకూరలలో ఇనుము ఉన్నదని బడిపిల్లలు కూడ చెప్తారు. అయినా 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గర్భవతులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఆంధ్రప్రదేశ్‌లోనూ సగానికి మించే ఉన్నారు. తినే తిండిలో ఇనుము ఉండి కూడ రక్తంలో ఎందుకు లేదు? "తిన్నది వంటబట్టలేదు" అని మన పెద్దవాళ్ళు అనే మాటలోనే ఈ ప్రశ్నకు సగం జవాబు ఉన్నది. మిగిలిన సగం కనుక్కోవడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టినది.

ముఖం పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే రోగాన్ని మన వైద్యులు పాండురోగం అన్నారు. దానికి లోహభస్మం, మండూరభస్మం ఇచ్చేవారు. మండూరమంటే ఇనుము త్రుప్పు, చిట్టెము. ఐరోపాలో 17వ శతాబ్దంలో సిడెన్‌హామ్ అనే ఆంగ్ల వైద్యుడు ఇనుప రజను ద్రాక్షసారాయంలో నానబెట్టి ఇచ్చాడు. అయితే ఇనుముకూ రక్తానికీ సంబంధమున్నదని అప్పటికి ఎవరూ ఎరుగరు. ఇనుము బలమైనది గనుక బలహీనులకు బలమిస్తుందనుకొన్నారు. 1746లో ఇటలీలోని బొలోనా నగరంలో మెంఘినీ అనే వైద్యుడు రక్తాన్ని ఎండబెట్టి, కాల్చి, ఆ పొడి దగ్గరకు అయస్కాంతాన్ని తెచ్చాడు. కొన్ని రేణువులు అయస్కాంతానికి అంటుకొన్నవి. ఏ హైస్కూలు ప్రయోగశాలలోనైనా దొరికే ఉపకరణంతో తేలిన గొప్ప సత్యమిది.

1832లో ఫ్రాన్సు వైద్యుడు బ్లో ఒక మాత్రను ప్రకటించాడు. అందులోని ముఖ్య పదార్థం ఫెర్రస్ సల్ఫేటు, అంటే మన పచారీ కొట్లలో దొరికే అన్నభేది. దానికి పొటాసియం కార్బొనేటు చేర్చాడు. పాలిపోయిన పడుచులు ఆ మాత్రలు మింగి తేరుకొన్నారు. కాని ఆ శతాబ్దం చివర బుంగె అనే ప్రసిద్ధ శరీరధర్మశాస్త్రజ్ఞుడు, లవణరూపంలోని ఇనుము పేగులోనుంచి రక్తంలోకి పోనే పోదనీ, ఆహారంలో సేంద్రియరూపంలో ఉన్న ఇనుమే పోతుందనీ వాదించాడు. పెద్ద శాస్త్రజ్ఞుని మాట కాబట్టి చాలామంది నమ్మారు. 1893లో ఎడిన్‌బరోలో స్టాక్‌మన్ ఈ వాదాన్ని పరీక్షకు పెట్టాడు. ఇనుము లవణాన్ని చర్మం క్రింద సూదితో ఎక్కించాడు. అప్పుడు పేగుతో పనే లేదు. రక్తం పెరిగింది. నోటి ద్వారా ఇచ్చినా పెరిగింది. బుంగె వాదం వీగిపోయినది. అయితే ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం, అంటే పేగు ఏ ఇనుమును లోనికి రానిస్తుంది, దేన్ని రానివ్వదు అన్నది, అట్లాగే మిగిలిపోయినది. నిజానికి అదే అసలు ప్రశ్న.

తొమ్మిది నెలల లెక్క

గర్భిణికి ఎంత ఇనుము కావలెనో ఒకసారి లెక్క చూద్దాం. బిడ్డకూ మావికీ కలిపి సుమారు 300 మిల్లీగ్రాములు. తల్లి ఒంటిలో కొత్తగా పుట్టే ఎర్ర రక్తకణాలకు సుమారు 450. చర్మం, పేగు, మూత్రం ద్వారా నిత్యమూ పోయేది ఆ తొమ్మిది నెలలకు 230. మొత్తం ఇంచుమించు 1000 మిల్లీగ్రాములు, అంటే ఒక గ్రాము. ఒక చిన్న మేకు బరువుండదు. కాని ఆరోగ్యంగా ఉన్న స్త్రీ ఒంటిలో అక్కరకు దాచుకొన్న ఇనుమే 300 మిల్లీగ్రాములకు అటూ ఇటూ; మన పల్లెలలో చాలామందికి ఆ నిల్వ కూడ ఉండదు. ఒట్టి గిన్నెతో సంసారం మొదలుపెట్టినట్లు గర్భం మొదలవుతుంది.

పైగా ఈ అవసరం నెలనెలా ఒకే తీరున ఉండదు. మొదటి మూడు నెలలలో రోజుకు ఒక మిల్లీగ్రాము లోపే చాలును. ముట్టు ఆగిపోతుంది గనుక ఆ నష్టం కలిసివస్తుంది. చివరి మూడు నెలలలో రోజుకు ఆరు మిల్లీగ్రాములకు పైగా కావలసివస్తుంది. కాన్పులో పోయే రక్తం వేరే లెక్క. కాన్పు తరువాత పెరిగిన కణాలలోని ఇనుము చాలావరకు తల్లికే తిరిగి దక్కుతుంది. కాని ఏడాది తిరగకుండ మళ్ళీ కడుపు పండితే ఆ అప్పు తీరే వ్యవధి ఉండదు. పిన్నవయసులో తల్లి అయిన పిల్లకు తన ఒంటి ఎదుగుదలకే ఇనుము కావలెను. అక్కడ తల్లీ బిడ్డా ఒకే కంచంలో పంచుకోవలసివస్తుంది.

ఉపాధ్యాయులు ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. గర్భంలో రక్తద్రవం నూటికి 40 నుంచి 50 వంతులు పెరిగితే, ఎర్రకణాలు అంత పెరగవు. అందుచేత ఏ లోపమూ లేని స్త్రీకి కూడ రక్తం కొంత పలుచబడుతుంది. మామూలు స్త్రీలకు 100 మిల్లీలీటర్ల రక్తంలో 12 గ్రాముల హీమోగ్లోబిన్ హద్దుగా పెట్టుకొని, గర్భవతులకు 11 గ్రాములు పెట్టుకొనడానికి కారణమిదే.

ఒక పేరు, రెండు రోగాలు

1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికా వైద్యురాలు గుంటూరు చేరినది. 1898లో అక్కడ స్త్రీలకూ పిల్లలకూ ఆస్పత్రి తెరిచినది. 1930లో మరణించేవరకు ఆ ఊరినే అంటిపెట్టుకొన్నది. అంతకుముందు పురుడంటే మంత్రసానిదే భారం. అటువంటి ఆస్పత్రులు వెలిసిన తరువాతనే గర్భిణుల పాలిన ముఖాలు వైద్యుల కంటబడి, లెక్కకు ఎక్కడం మొదలైనది.

1920-30 మధ్య బొంబాయిలో మార్గరెట్ బాల్ఫర్ అనే వైద్యురాలు, మిల్లు కూలీల ఇళ్ళలోని గర్భవతులు తీవ్రమైన రక్తహీనతతో మరణించడం చూసి పరిశోధనకు పూనుకొన్నది. ఆ పని మీద 1928లో లండన్ నుంచి లూసీ విల్స్ వచ్చినది. ఆమె సూక్ష్మదర్శినిలో చూసినది వింతగా ఉన్నది. ఇనుము లోపిస్తే ఎర్రకణాలు చిన్నవై, వెలవెలబోతాయి. ఈ రోగులలో కణాలు మామూలు కంటె పెద్దవిగా ఉన్నవి. అంటే ఇనుము ఇచ్చి లాభం లేని రక్తహీనత మరొకటి ఉన్నదన్నమాట. విల్స్ ఆ స్త్రీలు తినే తిండి చూసినది. కూరలు, పండ్లు, పాలు మృగ్యం. కూనూరులోనూ, తరువాత మద్రాసులోని కులాంగనల, ఘోషా స్త్రీల ఆస్పత్రిలోనూ ఆమె పని సాగినది. ఎలుకలకూ కోతులకూ అటువంటి తిండే పెట్టి, అటువంటి జబ్బే తెప్పించి, రకరకాల పదార్థాలు ఇచ్చి చూసినది. చివరకు బీరు బట్టీలలో మిగిలిపోయే ఈస్టు నుంచి తయారైన మార్మైటు అనే చవక పదార్థం గుణమిచ్చినది. 1931లో ఈ సంగతి ప్రకటించినది. ఆ ఈస్టులో ఉన్న గుణకారి ఏమిటో ఆమెకు తెలియదు. చాలాకాలం దాన్ని విల్స్ పదార్థమనే పిలిచారు.

1941లో అమెరికాలో పాలకూరను టన్నుల కొలది పిండి ఒక ఆమ్లాన్ని వేరుచేశారు. ఆకు నుంచి వచ్చినది కాబట్టి ఫోలిక్ ఆమ్లమన్నారు. అది విల్స్ వెతికిన పదార్థమేనని తరువాత తేలినది. ఆకులనుంచి గ్రాములలో తీసేది రోగులందరికీ ఏ మూలకు? దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే మార్గాన్ని 1945లో లెడర్లీ సంస్థ కనుక్కొన్నది. అక్కడి పరిశోధనకు నాయకుడు ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరినవాడు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే గ్రహణివ్యాధితో వారం పది రోజుల తేడాతో మరణించారు. ఆ వ్యాధిలోనూ కణాలు పెద్దవయ్యే రక్తహీనత వస్తుంది. ఫోలిక్ ఆమ్లం ఆ రక్తహీనతకూ పనిచేసినది. సుబ్బారావు 1948లో మరణించాడు. మన గర్భవతులకు ఆ మందు ఊరూరా చేరేసరికి మరి ఇరవై రెండేళ్ళు గడిచినవి.

హైదరాబాదులో తూచిన లెక్క

1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన ఆహార పరిశోధన పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. ఆ సంవత్సరాలలో డాక్టరు గోపాలన్ దానికి నాయకుడు.

అప్పటికి ప్రపంచంలో ఒక ముఖ్యసత్యం స్థిరపడి ఉన్నది. 1937లో మెక్‌కాన్స్, విడ్డోసన్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రజ్ఞులు, ఎక్కువైన ఇనుమును బయటకు పంపే మార్గం శరీరానికి దాదాపు లేదని చూపించారు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో పోతుంది. ఇనుముకు అట్లాంటి తూము లేదు. కాబట్టి శరీరం ఇనుమును అదుపుచేసేది లోనికి వచ్చే వాకిటిలోనే, అంటే చిన్నపేగు మొదటి భాగంలో. ఆ వాకిలి ఎంత తెరుచుకొంటుందన్నదే ప్రశ్న.

అన్నం ప్రధానంగా తినే మన భోజనం నుంచి వంటబట్టే ఇనుము బహు స్వల్పం. నూటికి అయిదు వంతులు అటూ ఇటూ. రోజు భోజనంలో 15 మిల్లీగ్రాములున్నదనుకొంటే ఒంటికి దక్కేది ముప్పాతిక మిల్లీగ్రాము. అయితే గర్భవతికి కూడ ఇదే లెక్కా? హైదరాబాదు సంస్థలో శోభా ఆప్టే, లీలా అయ్యంగార్ ఈ ప్రశ్న వేసుకొన్నారు. గర్భవతులు తినే ఆహారంలో ఎంత ఇనుమున్నదో, మలంలో ఎంత పోతున్నదో రసాయనికంగా కొలిచి, తేడా తీశారు. వినడానికి సులభం, చేయడానికి ఎంత ఓపిక కావలెనో రసాయనశాస్త్రం చదివినవారికి చెప్పనక్కరలేదు. గర్భం తొలినెలలలో కంటె చివరి నెలలలో అదే తిండినుంచి పలు రెట్లు ఎక్కువ ఇనుము వంటబడుతున్నదని తేలినది. 1970లో ఆ ఫలితాలు ప్రకటించారు. తల్లి అవసరం తెలిసి వాకిలి తానే వెడల్పవుతున్నది!

కాని తొందరపడి సంతోషించరాదు. 15 మిల్లీగ్రాములలో నూటికి 30 వంతులు వంటబట్టినదనుకొన్నా, వచ్చేది నాలుగున్నర. కావలసినది ఆరుకు పైన. ప్రకృతి ఎంత ఉదారంగా ఉన్నా, కంచంలో ఉన్నదానికి మించి ఇవ్వలేదు. అదే ఏడు ఆ ఇద్దరే మరొక పరిశీలన చేశారు. చివరి నెలలలో రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము మందుగా ఇస్తే హీమోగ్లోబిన్ పడిపోకుండ నిలబడినది. 1970లోనే భారత ప్రభుత్వం గర్భవతులకు 60 మిల్లీగ్రాముల ఇనుము, అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు నూరు రోజులపాటు ఇచ్చే పథకం పెట్టినది. బ్లో వైద్యుని ఇనుము, సుబ్బారావు బృందం తయారుచేసిన ఆమ్లం ఊరూరా ఒకే మాత్రలో కలిసినది అప్పుడే.

కంచంలో ఉన్నదేమి

ఇక వాకిటిని మూసే వస్తువుల సంగతి. ధాన్యాల పై పొరలో ఫైటేటు అనే పదార్థం ఉంటుంది. అది ఇనుమును పట్టుకొని వదలదు. జొన్న, సజ్జలలో ఇది జాస్తి. మర పట్టిన తెల్లబియ్యంలో ఫైటేటు తగ్గుతుంది, నిజమే. దానితోపాటు ఇనుమూ తవుడులో పోతుంది. ఆకుకూరలో ఇనుమున్నా, ఆకులోని ఇతర పదార్థాలు దాన్ని అంత తేలికగా విడువవు. పైగా సరిగా కడగని ఆకుకు అంటిన మట్టిలోని ఇనుము కూడ ప్రయోగశాల లెక్కలో చేరి, పుస్తకంలో అంకె పెద్దదిగా కనిపిస్తుంది. గోంగూరను నిందించనక్కరలేదు, దానిమీదనే భారం వేయడం మాత్రం పొరపాటు.

టీ సంగతి 1975లో దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ పరీక్షలో పాల్గొన్నవారు డర్బన్ దగ్గర నివసించే భారతీయ సంతతి స్త్రీలు. 1860 నుంచి చెరకు తోటలకు కూలీలుగా పోయినవారిలో మన తెలుగువారు కూడ ఎందరో ఉన్నారు. భోజనంతోపాటు టీ త్రాగితే అన్నంలోని ఇనుము వంటబట్టడం చాలా తగ్గిపోయినది. టీలోని టానిన్లు అందుకు కారణం.

మిరప పండే సీమవారు వినవలసిన వార్త మరొకటి ఉన్నది. 2006లో థాయిలాండు స్త్రీలపై చేసిన పరీక్షలో, ఇనుము కలిపిన భోజనంలో మిరపకారం ఉంటే ఇనుము వంటబట్టడం నూటికి 38 వంతులు తగ్గినది. పసుపు వలన తగ్గలేదు. ఆ స్త్రీలు గర్భవతులు కారు. అది ఒక్క పరీక్ష. అందుచేత గుంటూరువారు కారం మానవలసిన పనిలేదు. పచ్చిమిరపలో విటమిన్ సి దండిగా ఉంటుంది. ఎండుమిరప అయ్యేసరికి చాలావరకు పోతుంది. విటమిన్ సి ఇనుముకు మంచి స్నేహితుడు. ఇనుమును కరిగే రూపంలో ఉంచి, వాకిలి దాటిస్తుంది. కనుక పప్పన్నంలో పిండుకొన్న నిమ్మకాయ, భోజనం తరువాత తిన్న జామపండు అల్పమైన వస్తువులు కావు. నిమ్మరసం దించిన తరువాత పిండవలెను, ఉడికిస్తే ఫలం తగ్గుతుంది. మాంసం, చేపలలోని ఇనుము వేరే దారిన, ఎక్కువ సులభంగా పోతుంది. ఇనుప మూకుడులో చింతపండు పులుసు కాస్తే పులుపు ఇనుమును కొంత కరిగించి కూరలో కలుపుతుంది. అల్యూమినియం గిన్నెలు వచ్చి ఆ కొద్ది లాభం పోగొట్టినవి.

కొందరు గర్భవతులకు మన్ను తినవలెనని మనసు పుడుతుంది. దాన్ని వేవిళ్ళ వింతకోరికగా నవ్వి ఊరుకొంటారు. ఇనుము తక్కువైన వారిలో ఈ కోరిక తరచుగా కనబడుతుంది. మట్టి మాత్రం ఆ లోటు తీర్చదు, కొన్ని మట్టులు ఇనుమును పట్టి బయటకు లాక్కుపోతాయి కూడ.

వచ్చే ఇనుము సంగతి ఇది. పోయే ఇనుము సంగతి వేరు. తడి నేలలో వట్టికాళ్ళతో తిరిగేవారి పాదాల ద్వారా కొంకిపురుగు పిల్లలు ఒంటిలో ప్రవేశిస్తాయి. వరినాట్లు వేసే స్త్రీలకు ఇది వింత కాదు. దక్షిణదేశంలో ఎక్కువగా ఉండే జాతి పురుగు ఒక్కటి రోజుకు సుమారు 0.03 మిల్లీలీటరు రక్తం పీలుస్తుంది. నూరు పురుగులుంటే మూడు మిల్లీలీటర్లు. 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల హీమోగ్లోబిన్ ఉన్న రక్తమైతే, ఆ మూడు మిల్లీలీటర్లలో ఉండే ఇనుము ఒక మిల్లీగ్రాము. అందులో కొంత పేగు తిరిగి పీల్చుకొన్నా, మామూలు భోజనంనుంచి రోజంతా వంటబట్టిన ఇనుము దాదాపు ఆ పురుగులకే చెల్లుతున్నది. పాయఖానా, కాలికి చెప్పు ఇనుము సంగతిలో చేరడం ఇందుకే.

మాత్ర మింగించడం

1970 పథకం ఫలితమేమిటో భారత వైద్య పరిశోధన మండలి 1985-86లో పరిశీలించినది. నిరాశ కలిగించే నివేదిక అది. పదకొండు రాష్ట్రాలలో చూసిన గర్భవతులలో 87.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. చాలామందికి మాత్రలు అందనే లేదు. అందినవారిలో నూరూ పూర్తిచేసినవారు కొద్దిమంది. దరిమిలా మోతాదును 100 మిల్లీగ్రాములకు పెంచారు. చేరని మాత్రలో ఎంత ఇనుముంటే ఏమి? మోతాదు పెరిగితే వికారం, మలబద్ధం పెరుగుతాయి. నల్లని మలం చూసి భయపడి పారవేసేవారూ ఉన్నారు. ఆ నలుపు వంటబట్టని ఇనుము రంగే, ప్రమాదమేమీ కాదని ఒక్క మాట చెప్తే ఆ భయం పోవును. 2018లో మోతాదును తిరిగి 60కి తగ్గించి, రోజులను 180కి పెంచారు.

వాకిటికి కాపలావాడెవడో 2000 తరువాతనే తెలిసినది. కాలేయంలో పుట్టే హెప్సిడిన్ అనే చిన్న ప్రోటీను అది. ఒంటిలో ఇనుము నిండుగా ఉంటే హెప్సిడిన్ పెరిగి వాకిలి మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. గర్భం నాలుగో నెలనుంచి తల్లి రక్తంలో హెప్సిడిన్ బాగా తగ్గిపోతుంది. హైదరాబాదులో తూచి చూసిన వింతకు కారణం ముప్పై ఏళ్ళకు ఈ విధంగా దొరికినది. జ్వరం, వాపు, అంటురోగాలు వస్తే హెప్సిడిన్ పెరుగుతుంది. అప్పుడు మాత్ర మింగినా వాకిలి మూసే ఉంటుంది.

1943లోనే అమెరికాలో విపుల్ బృందం, ఒక మోతాదు ఇనుము తిన్న కుక్క కొద్ది గంటలలో ఇచ్చిన రెండవ మోతాదును సరిగా స్వీకరించదని గమనించినది. 2017లో స్విట్జర్లాండులో ఇనుము లోపించిన స్త్రీలలో కూడ ఇటువంటి సంగతే కనబడినది. ఒక మోతాదు తరువాత హెప్సిడిన్ ఒక రోజుపాటు ఎక్కువగా ఉండి, మరునాటి మాత్రను అడ్డగిస్తున్నది. దినం విడిచి దినం ఇస్తే వంటబట్టే పాలు పెరిగినది. ఆ స్త్రీలు గర్భవతులు కారు. గర్భిణులకు మన దేశంలో అమలులో ఉన్న నియమం రోజుకొక మాత్రయే.

ఆరోగ్యకేంద్రంలో ఎర్ర మాత్రలతోపాటు సున్నపు ధాతువు, అంటే కాల్షియం మాత్రలు కూడ గర్భవతికి ఇస్తారు. ఎముకలకు అవి కావలసినవే. కాని కాల్షియం కూడ ఇనుమును వాకిట అడ్డుకొనేదే. రెండూ ఒకేసారి మింగితే ఇనుము వృథా. అందుచేత రెంటికీ నడుమ కనీసం రెండు గంటలైనా ఎడం ఉండవలెను. టీకి, మజ్జిగకు కూడ ఇనుప మాత్రతో ఇటువంటి దూరమే మంచిది. దాన్ని నిమ్మరసంతోనో, ఒట్టి నీళ్ళతోనో మింగవచ్చును.